వారానికొక పూట



మీ వీధిలో మంచానపడిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే వెంటనే చెప్పేస్తారు. ఫలానా ఇంట్లో అవ్వ ఉంది, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఫలానా ఇంట్లో పిల్లోడున్నాడు, పుట్టినప్పటి నుంచి కాళ్లు నిలబడవు. ఆ చివరింట్లో పెద్దాయన ఉన్నాడు, మతి నిలవదు, తలుపు తెరిచి ఉంటే చాలు, రోడ్డు మీదికి నడిచిపోతాడు. ఇంత వివరంగా చెప్తారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ అవ్వకు రోజూ స్నానం చేయించేది ఎవరు? ఆ పిల్లోణ్ని ఎత్తుకుని బచ్చలింటికి తీసుకుపోయేది ఎవరు? ఆ మనిషి నడుము ఎట్లుంది? పుట్టింటికి పోయి ఎన్నాళ్లయింది? రాత్రి మధ్యలో లేవకుండా తెల్లారేదాకా ఎప్పుడు నిద్రపోయింది?

ఇక్కడ మన నోటికి జవాబు రాదు. జబ్బుమనిషి సంగతి మనకు తెలుసు. చూసుకునే మనిషి సంగతి తెలీదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ చూసుకునే మనిషి గురించి. మీకు చెప్పబోయే ఉపాయం కూడా ఒక్కటే. వారానికొక పూట. ఆ మాట గుర్తు పెట్టుకోండి. వారానికొక పూట.

సండూరు తాలూకా తారానగర్ మీకు తెలుసు. నారిహళ్ల డ్యామ్ పక్కన ఉన్న ఊరు. చుట్టూ కొండలు, కొండల్లో ఇనుప ఖనిజం, రోడ్ల మీద లారీలు. ఆ ఊళ్లో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన లారీ మీద పనికి పోయేవాడు. ఒకరోజు పైనుంచి పడ్డాడు. వెన్నెముకకు దెబ్బ తగిలింది. నడుము కిందికి స్పర్శ లేదు. ఆపరేషన్ అయింది, ఇంటికి పంపించినారు. ఆ రోజు నుంచి ఇల్లాలి రోజు ఎట్లా గడుస్తుందో చూడండి.

తెల్లవారుజామున లేస్తుంది. ముందు ఆయన్ను ఒక పక్కకు తిప్పుతుంది. వీపు చూస్తుంది, ఎక్కడైనా ఎర్రగా కందిందా అని. పక్కబట్టలు మారుస్తుంది. ఒళ్లు తుడుస్తుంది. పిల్లలకు రొట్టె చేసి బడికి పంపిస్తుంది. ఆయనకు తినిపిస్తుంది. పక్కింటామెకు ఒక మాట చెప్పి పొలంలో కలుపుకు పోతుంది. పూట కూలే. పూర్తి కూలికి పోలేదు, ఎందుకంటే మధ్యాహ్నం ఆయన్ను మళ్లీ తిప్పాలి. రెండు గంటలకొకసారి తిప్పకపోతే పుండ్లు పడతాయి. పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. సాయంత్రం మందులు, నీళ్లు, వంట. రాత్రి నిద్రలో కూడా చెవి ఆ మంచం వైపే. ఆయన దగ్గితే మెలకువ వస్తుంది.

ఆమెకు జీతం లేదు. ఆదివారం లేదు. పండగ సెలవు లేదు. ఒంట్లో బాగలేకపోతే బదులు వచ్చే మనిషి లేదు. ఊళ్లో జనం ఏమంటారు? పాపం, మొగుణ్ని బాగా చూసుకుంటోంది, మంచిది అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. అయితే ఆ మెప్పుతో ఆమె నడుం నొప్పి తగ్గదు. పోయిన అరపూట కూలి తిరిగి రాదు.

ఇట్లాంటి మనిషికి మన దేశంలో చట్టం ఒక గుర్తింపు ఇచ్చింది. చాలామందికి తెలీదు కాబట్టి నిదానంగా చెప్తాను. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టంలో సంరక్షకులంటే ఎవరో రాసి పెట్టినారు. డబ్బు తీసుకుని చేసినా, తీసుకోకుండా చేసినా, తల్లిదండ్రులైనా, ఇంట్లో ఇంకెవరైనా, దివ్యాంగుణ్ని చూసుకునే ప్రతి మనిషీ సంరక్షకులే. మళ్లీ చెప్తున్నాను. డబ్బు తీసుకోకుండా చేసినా సంరక్షకులే. అదే చట్టం 24వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు, వాళ్లను చూసుకునేవాళ్ల కోసం భత్యం ఇచ్చేటట్టు ప్రభుత్వాలు పథకాలు పెట్టుకోవచ్చు. మరుసటి ఏడు, 2017లో, మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. అందులోనూ అంతే. మతి చెదిరిన మనిషితో కలిసి ఉంటూ, ఉచితంగా చూసుకునే బంధువు కూడా సంరక్షకులే.

అంటే చట్టం కళ్లకు ఆమె కనిపించింది. మన వీధికి కనిపించాలి.

మన తెలుగువాడు, జస్టిస్ ఎన్.వి. రమణ, 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక తీర్పులో తన అభిప్రాయం విడిగా రాసినారు. రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయిన కేసు అది. ఆ ఇల్లాలు ఉద్యోగం చేయలేదు, ఆమె ప్రాణానికి నష్టపరిహారం ఎట్లా లెక్క కట్టాలి అన్నది ప్రశ్న. ఆయన 2011 జనాభా లెక్కలు ముందు పెట్టినారు. దేశంలో ఇంటిపనే ప్రధానమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు. మగవాళ్లు 58 లక్షలు. వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లను చూసుకోవడం, ఈ పనికి విలువ కట్టకపోవడం అన్యాయమని, ఇంటిపని దేశ సంపదకు ఏమీ చేర్చదన్న పాత ఆలోచన పోవాలని ఆయన చెప్పినారు. మనిషి పోయిన తర్వాత కోర్టు ఆ విలువ కట్టింది. బతికి ఉండగా ఆ విలువ ఎవరు గుర్తించాలి? అది నన్ను తొలుస్తున్న ప్రశ్న.

2024లో కేంద్రం చేసిన కాల వినియోగ సర్వే ఒకటుంది. జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో అడిగి రాసుకున్నారు. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 41 మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ చేస్తున్నారు, రోజుకు 140 నిమిషాలు. మగవాళ్లలో నూటికి 21 మంది, రోజుకు 74 నిమిషాలు. ఇందులో చంటిపిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. చెవి మంచం వైపు పెట్టి పడుకున్న రాత్రులను మాత్రం ఏ సర్వే అయినా నిద్ర కిందే రాసుకుంటుంది.

ఇది మన దేశం ఒక్కదాని కథ అనుకోకండి. ఇంగ్లండులో మేరీ వెబ్‌స్టర్ అని ఒకామె ఉండేది. చర్చిలో బోధకురాలు. పెళ్లి కాలేదు. ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి ఉద్యోగం మానుకుంది. 1963లో పత్రికకు ఒక ఉత్తరం రాసింది, నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు, మా గతి ఏమిటి అని. ఆ ఉత్తరం చూసి అట్లాంటి ఆడవాళ్లు ఎంతోమంది ముందుకొచ్చినారు. 1965లో ఒక సంఘం పెట్టుకున్నారు. అడిగి అడిగి, 1976లో చూసుకునేవాళ్లకు ప్రభుత్వ భత్యం సాధించినారు. అయితే పెళ్లయిన ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. వాళ్లెట్లాగూ ఇంట్లోనే ఉంటారు గదా అన్నారు! తీవ్ర వైకల్యం ఉన్న తల్లి కోసం ఉద్యోగం మానుకున్న జాక్వెలిన్ డ్రేక్ అనే ఇల్లాలు కోర్టుకు పోయి గెలిచేదాకా, అంటే 1986 దాకా, ఆ నిబంధన కదల్లేదు. ఎట్లాగూ ఇంట్లోనే ఉంటుంది గదా. ఈ మాట మనకు కొత్త కాదు. మన ఇళ్లలో కోడళ్ల గురించి, పెళ్లికాని కూతుళ్ల గురించి రోజూ వినే మాటే.

సరే, ఇక ఉపాయానికి వద్దాం.

మనం వ్యవసాయం చేసేవాళ్లం. బదులు కూలి సంగతి మనకు తెలుసు. ముయ్యాళ్లు అని కూడా అంటారు. ఈ రోజు నీ చేనికి నేనొస్తాను, ఇంకోరోజు నా చేనికి నువ్వొస్తావు. డబ్బు చేతులు మారదు. విత్తనం వేసే అదనులో, ఒక్క ఇంటి మనుషులతో పని కానప్పుడు, ఇట్లాగే నాలుగిళ్లవాళ్లు కలిసి గట్టెక్కుతారు. జబ్బుమనిషి ఉన్న ఇంటికి కూడా ఇదే పద్ధతి పెట్టుకుందాం అంటున్నాను. ఏ ఇంట్లో ఒకే మనిషి చూసుకుంటోందో, ఆ ఇంటికి వారానికి ఒక పూట, ఇంకో మనిషి వచ్చి కూర్చోవాలి. వారానికొక పూట. మూడు గంటలు, నాలుగు గంటలు. ఆ పూట చూసుకునే మనిషిది.

పూట అని గట్టిగా ఎందుకంటున్నానంటే, మన మాట తీరు ఒకటుంది. ఏమైనా కావాలంటే పిలువమ్మా, మేమున్నాం అంటాం. మనస్ఫూర్తిగానే అంటాం. ఆమె పిలవదు. ఎందుకు పిలవదు? అవతలివాళ్లకు పనులుంటాయని మొహమాటం. పిలిస్తే అప్పు పడినట్టవుతుందని భయం. నిన్న పిలిచినాను, మళ్లీ ఈ రోజు ఎట్లా పిలిచేది అని బిడియం. అందుకే ఆమె పిలిచేదాకా ఆగొద్దు. వారం, వేళ ముందే చెప్పండి. అక్కా, బుధవారం అన్నం తిన్నాక నేనొస్తాను, దీపాలు పెట్టేదాకా మామ దగ్గర నేనుంటాను. ఇట్లా చెప్పాలి. చెప్పిన బుధవారం పోవాలి. ఆ పైవారం కూడా పోవాలి. ఒకసారి పోయి రెండుసార్లు ఎగ్గొడితే ఆమెకు కష్టం ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆ పూటను నమ్ముకుని ఏదో పని పెట్టుకుని ఉంటుంది.

ఆ పూటలో ఆమె ఏం చేస్తుంది? అది ఆమె ఇష్టం. ఇది చాలా ముఖ్యం. బట్టలు ఉతుక్కుంటుందా, సండూరుకు పోయి గుడి చూసి వస్తుందా, పక్కవీధిలో చెల్లెలి ఇంట్లో కూర్చుని ఇంత ఉగ్గాని తిని కబుర్లు చెప్పుకుంటుందా, గుడ్డ కప్పుకుని నిద్రపోతుందా, మనం అడగకూడదు. ముఖ్యంగా నిద్రపోతే తప్పు పట్టొద్దు. నేనొచ్చి కూర్చుంటే తను పడుకుందే అని ఎవరైనా అంటే, ఆ మాట ఊరంతా తిరిగి ఆమె చెవిన పడుతుంది. ఇంక ఆమె ఎవర్నీ రానివ్వదు.

వచ్చి కూర్చునే మనిషికి భయం ఉంటుంది. నాకేం తెలుసు, మధ్యలో ఏమైనా అయితే? నిజమే. దానికి ఒక కాగితం చాలు. పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అతికించండి. ఏ మాత్ర ఏ వేళకు. ఏది తింటారు, ఏది మింగలేరు. దేనికి భయపడతారు, ఏ మాట అంటే ఊరుకుంటారు. ఎవరికి ఫోన్ చేయాలి. ఇంతే. తెలుగులో రాయండి, కన్నడంలో రాయండి, వచ్చే మనిషికి ఏది చదవడం వస్తే అందులో రాయండి. చదువు రాకపోతే బడికిపోయే పిల్లతో రాయించి, వచ్చే మనిషికి నోటితో చెప్పండి. ఇంకోటి. అన్నం పెట్టేటప్పుడు తల, వీపు ఎత్తి కూర్చోబెట్టి పెట్టాలి. తిన్న వెంటనే పడుకోబెట్టొద్దు. అరగంట అట్లాగే ఉంచాలి. లేకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇది కొత్తగా వచ్చే మనిషికి తప్పకుండా చెప్పాలి.

ఒక జాగ్రత్త దాచకుండా చెప్తాను. మాట రాని ఆడపిల్ల ఉన్న ఇల్లయితే, మతి సరిగా లేని వయసు పిల్ల ఉన్న ఇల్లయితే, ఎవరొచ్చి కూర్చుంటున్నారన్నది తల్లి తేల్చుకోవాలి. ఆమెకు పూర్తిగా నమ్మకమున్న ఆడవాళ్లు ఉండాలి, వీలైతే ఇద్దరు. తల్లి వద్దంటే వద్దు. ఎందుకని అడగొద్దు.

ఇది జరిగే పనేనా అని మీకు సందేహం రావచ్చు. కేరళలో కోళికోడ్ ఉంది. అక్కడ 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ కలిసి, నయం కాని జబ్బులున్నవాళ్ల నొప్పి తగ్గించడానికి ఒక సంస్థ మొదలుపెట్టినారు. కొన్నేళ్లకు వాళ్లకు అర్థమైంది, డాక్టర్లు వారానికొకసారి వచ్చి పోతే చాలదు, మిగతా రోజులు ఇంటివాళ్లే మోస్తున్నారు అని. అప్పుడు ఇరుగుపొరుగు జనానికి శిక్షణ ఇచ్చినారు. షాపు నడిపేవాళ్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు, మామూలు జనం. వాళ్లు ఇళ్లకు పోయి కూర్చుంటారు, మాట్లాడతారు, పుండ్లు కడుగుతారు, ఇంటి పిల్లల చదువు సంగతి చూస్తారు. కేరళ ప్రభుత్వం ఆశ్వాసకిరణం పేరుతో, మంచానపడినవాళ్లను చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకం కూడా పెట్టింది. 600 రూపాయలతో ఇల్లు గడవదు. అయితే ఆ డబ్బు ఎవరి కోసం? చూసుకునే మనిషి కోసం. అక్కడ ఉంది విశేషం.

మన కర్ణాటక కూడా ఆ దారిలో ఒక అడుగు వేసింది. 2024-25 బడ్జెట్‌లో, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, ఈ నాలుగు జబ్బులున్నవాళ్లను చూసుకునే మనిషికి నెలకు 1,000 రూపాయలు ప్రకటించింది. అటు ఆంధ్రలో దారి వేరు. 1953లో బళ్లారి జిల్లా విడిపోయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, మనం ఇటు ఉన్నాం. చుట్టరికాలు మాత్రం రెండు పక్కలా ఉన్నాయి. రాయదుర్గంలో ఉన్న అక్క ఫోన్ చేసి, పూర్తిగా మంచానపడినవాళ్లకు మా దగ్గర నెలకు 15,000 పింఛను ఇస్తున్నారని చెప్తుంది. నిజమే, 2024 జూలై నుంచి ఇస్తున్నారు. ఆ డబ్బు జబ్బుమనిషికి వస్తుంది. ఇంటికి గొప్ప ఆసరా. అయినా అక్కడి చూసుకునే మనిషికి కూడా నిద్ర కావాలి, తోడు కావాలి. డబ్బు రాత్రిపూట లేచి మనిషిని పక్కకు తిప్పదు గదా.

డబ్బు సంగతి ఎక్కడ అడగాలి? మన పంచాయతీలో గ్రామీణ పునర్వసతి కార్యకర్త ఉంటారు. దివ్యాంగుల పనులు చూడటానికే పెట్టిన మనిషి. వాళ్లను అడగండి. గుర్తింపు కార్డు ఉందా, పింఛను వస్తోందా, 1,000 రూపాయల భత్యానికి మేం వస్తామా, ఏ కాగితాలు కావాలి. ఇంకా, నిరామయ అని కేంద్రం బీమా ఒకటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి వర్తిస్తుంది. ఇంట్లోనుంచి కదలలేని ఆమె ఈ ఆఫీసులు ఎట్లా తిరుగుతుంది? అందుకే మళ్లీ అదే మాట. ఆమెకు ఒక పూట కావాలి. లేదా ఆమె తరఫున మీరొక పూట తిరగాలి. అది కూడా సాయమే.

ఆసుపత్రి గురించి రెండు మాటలు. మనందరం విమ్స్ అని పిలుచుకునే బళ్లారి పెద్దాసుపత్రి కావచ్చు, ఇంకోటి కావచ్చు, అక్కడ పేషెంటు తాలూకు ఎవరు అని పిలుస్తారు. ఆ తాలూకు మనిషే రేపు ఇంట్లో నర్సు. అందుకని డిశ్చార్జి చేసే రోజు తొందరపడి బండి ఎక్కొద్దు. సిస్టరమ్మా, ఇట్లా తిప్పితే సరిపోతుందా, ఒకసారి నా చేత చేయించండి అని అడగండి. ట్యూబుతో తాగించేది, పుండు కడిగేది, మంచం మీదినుంచి కుర్చీలోకి దించేది, అన్నీ వాళ్ల కళ్లముందు మీ చేతులతో ఒకసారి చేయండి. 2014లో మన కర్ణాటకలోనే, నూరా హెల్త్ అనే సంస్థ ఈ పని మొదలుపెట్టింది. రోగి కుటుంబానికి వార్డులోనే పాఠం చెప్పడం. తర్వాత చాలా ఆసుపత్రులకు పాకింది. పాఠం పెట్టని చోట కూడా అడిగితే చెప్పే సిస్టర్లు ఉంటారు. మనిషిని ఎత్తేటప్పుడు నడుం వంచొద్దు, మోకాళ్లు వంచండి, ఆ మనిషిని మీ ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఈ ఒక్క సంగతి తెలియక నడుములు పోగొట్టుకున్న తల్లులు మన పల్లెల్లో ఎంతమందో!

చూసుకునే మనిషి తన మాత్రలు మరిచిపోతుంది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉండే సంగతి. ఆయన బిపి మాత్ర వేళకు వేస్తుంది, తన బిపి మాత్ర అయిపోయి నెలయినా తెచ్చుకోదు. ఆశా అక్కలకు నా మనవి ఇది. ఆ ఇంటికి పోయినప్పుడు ఇద్దరికీ బిపి చూడండి. మంచం మీది మనిషికి చూసి, ఆ చేత్తోనే పక్కన నిలబడిన మనిషికి కూడా చూడండి. నువ్వెట్లున్నావమ్మా అని అడగండి.

ఒక్కోసారి ఆమెకు విసుగొస్తుంది. కోపమొస్తుంది. మంచం మీది మనిషిని కసురుకుంటుంది. తర్వాత మూల కూర్చుని ఏడుస్తుంది, నేనింత చెడ్డదాన్నయిపోతినా అని. ఒక్కోసారి ఈ బతుకు ఎందుకు అనిపిస్తుంది. తల్లీ, నువ్వు చెడ్డదానివి కావు. అలిసిపోయినావు. ఇట్లా అనిపించినప్పుడు ఫోన్ చేయడానికి టెలి మానస్ అనే ఉచిత నంబరుంది. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పగలైనా, రాత్రయినా చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు, కన్నడంలో మాట్లాడొచ్చు. ముసలివాళ్లకు సంబంధించిన సాయం కోసం 14567. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

ఆమె, ఆమె అంటున్నాను. చూసుకునే మగవాళ్లు కూడా ఉన్నారు. భార్యకు క్యాన్సర్ వస్తే వంట నేర్చుకున్న భర్తలున్నారు. తల్లి కోసం బెంగళూరు ఉద్యోగం వదిలి వచ్చిన కొడుకులున్నారు. వాళ్లకు ఇంకో ఇబ్బంది. చెప్పుకోరు. టీ అంగడి దగ్గర నలుగురిలో కూర్చుంటారు, ఇంటి సంగతి ఎత్తరు. అట్లాంటి స్నేహితుడుంటే, వారానికొక పూట మీరు పోయి కూర్చోండి. మగవాడికి మగవాడు.

పిల్లల సంగతి వేరు. ఇది నేను కొంచెం గట్టిగా చెప్తాను. అమ్మ కూలికి పోవాలి, అవ్వను చూసుకోవడానికి ఎనిమిదో క్లాసు పిల్ల బడి మానింది. ఇట్లా జరిగితే ఊరంతటికీ పట్టాలి. ఆ పిల్ల మంచిదే, అవ్వ అంటే ప్రాణమే. అయినా ఆమె ఉండాల్సింది బళ్లో. టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, ఇట్లా బడి మానిన పిల్ల కనిపిస్తే, ఎందుకు రాలేదని తిట్టకుండా ఇంట్లో ఎవరికి బాగలేదని అడగండి. ఆ ఇంటికి వారానికొక పూట చాలదు, రోజూ ఎవరో ఒకరు చూడాలి. అక్కడ వీధి అంతా కలవాల్సిందే.

ఈ పనిని ఎవరు నడపాలి? మన దగ్గర స్త్రీశక్తి సంఘాలున్నాయి. వారం వారం కూర్చుంటారు, పొదుపు లెక్క చూసుకుంటారు. ఆ కూర్చున్నప్పుడే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ వారం ఏ ఇంటికి ఎవరు పోతున్నారు? సంఘంలో చాలాకాలంగా మీటింగుకు రాని సభ్యురాలు ఉంటే, ఎందుకు రావడం లేదో చూడండి. చాలాసార్లు ఆమే చూసుకునే మనిషి అయి ఉంటుంది. అప్పు కట్టలేదని జరిమానా వేసే ముందు ఆమె ఇంటికి ఒకసారి పోయి రండి.

గ్రామసభలో అడగాల్సింది ఇంకోటుంది. మన కొండల్లోంచి ఖనిజం పోతోంది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం గని నడిపేవాళ్లు కట్టే రాయల్టీ లెక్కన కొంత సొమ్ము జిల్లా ఖనిజ నిధికి పోతుంది. గనుల వల్ల బాధపడిన ఊళ్ల కోసం ఆ నిధి. ముందుగా ఖర్చు పెట్టాల్సిన పనుల్లో నీళ్లు, ఆరోగ్యం, చదువులతో పాటు ముసలివాళ్ల సంక్షేమం, దివ్యాంగుల సంక్షేమం కూడా రాసి ఉన్నాయి. సండూరు తాలూకా పల్లెలు గనుల మధ్య ఉన్న పల్లెలు. కాబట్టి మన గ్రామసభలో లేచి అడగండి. పగటిపూట ముసలివాళ్లను, దివ్యాంగ పిల్లలను చూసుకునే ఒక గది, అందులో శిక్షణ పొందిన ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకు జీతం. చూసుకునే మనిషి పూర్తి కూలికి పోగలుగుతుంది. ఇంకో ఇద్దరికి ఊళ్లోనే పని దొరుకుతుంది. రోడ్డు అడుగుతాం, బోరు అడుగుతాం, సమాజ భవనం అడుగుతాం. ఇది కూడా అడగాలి. తీర్మానం పుస్తకంలో రాయించి, చదివి వినిపించమని అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.

గది వచ్చేదాకా మన పూట మనం నడిపించుకోవాలి. మొదటిసారి పోయేవాళ్లకు ఒక మాట. మొదటి వారమే ఆమెను బయటికి పంపించాలని చూడొద్దు. ఆమెకు మనసొప్పదు, జబ్బుమనిషికీ బెదురుగా ఉంటుంది. మొదటి వారం ఇద్దరూ ఇంట్లోనే ఉండండి. ఆమె ఎట్లా తిప్పుతుందో, ఎట్లా తాగిస్తుందో పక్కన కూర్చుని చూడండి. గోడమీది కాగితం ఇద్దరూ కలిసి రాయండి. మంచం మీది మనిషితో మీరు మాట్లాడండి, ఆయన తలకాయ ఊపినా చాలు. రెండో వారం ఆమెను వీధి చివరిదాకా పోయి రమ్మనండి. తొందరగా వచ్చేస్తుంది, పర్వాలేదు. మూడో వారం ఇంకొంచెం దూరం పోతుంది. ఒక్కో ఇంట్లో నెల పడుతుంది, ఒక్కో ఇంట్లో రెండు నెలలు. మీరు చెప్పిన రోజు చెప్పిన వేళకు తలుపు దగ్గర కనిపిస్తూ ఉండండి.

నంబర్లు మళ్లీ ఒకసారి రాసుకోండి. మనసు బాగలేనప్పుడు 14416. పెద్దవాళ్ల సాయానికి 14567.